అండాలు గారేనా

రాత్రంతా మిల్లుల కాంటా కాడ నిలబడి
పొద్దుగాల ఆరింటికి ఇల్లు చేరుకుంట.
చెవుల నిండ వడ్ల దుమ్ము,
పండుకున్నా తలకాయల తిరుగుతనే ఉంటది మిల్లు బెల్టు.
అది ఆగి, కన్ను మూతపడి, పది కొట్టేసరికి
అక్క ఫోను మోగుతది.

"నమస్కారమండీ, అండాలు గారేనా మాట్లాడేది?"

కాదంటే ఒక లోను,
అవునంటే రెండు లోన్లు.
సాగర్ రోడ్డుకు ఆనుకొని ప్లాటు, గజం ఏడువేలట,
మోకాళ్ళ నొప్పికి నూనె,
వద్దన్నకొద్దీ తియ్యగయ్యే గొంతు.
నిన్నయితే మనిషే కాదు, మిషిను.
నోటికొచ్చినట్టు తిట్టిన.
తిట్టుడు అయిపోయేదాక ఓపికతోని ఆగి
"ధన్యవాదాలు, ఒకటి నొక్కండి" అన్నది.

తీసుకపోయి వాడపల్లి కాడ కృష్ణల పారెయ్ అన్నడు
నా జతగాడు జానయ్య.
ఎట్ల పారేస్త?
గ్యాసు బుక్కయ్యేది ఆ నెంబరు మీదనే,
రేషను బియ్యానికి అంకెలొచ్చేది దానికే,
కరెంటు బిల్లుకు, బ్యాంకుకు, అన్నిట్లకు
ఈ ఇంట్ల బతికున్న నెంబరు అదొక్కటే.

మిర్యాలగూడ బస్టాండు ఎనుక
సెల్లు రిపేర్ల పిల్లగాడు చెప్పిండు,
పందొమ్మిది వందల తొమ్మిదికి మెసేజ్ పెడితే
వారం దినాలల్ల ఆగిపోతయంట.
"ఎవరి నెంబరు కాకా?"
"మా అక్కది."
"ఆమెనే పెట్టమనరాదు మరి."
స్క్రూ ఏదో నోట్లె పట్టుకొని అన్నడు.
వానికేం తెలుసు.

అంగన్‌వాడీల ముప్పై ఏండ్లు ఆయా.
పిల్లలకు ఆయమ్మ,
నిన్నమొన్న కొలువుకెక్కిన మేడానికి
"ఏ అండాలూ, ఛాయ్ తే."
వోటరు లిస్టుల ఒట్టి అండాలు.
నల్లగొండ దవాఖానల
ఆఖరి తొమ్మిది రోజులు
పదకొండో నెంబరు మంచం.

గారు అన్నోళ్ళు ఈ లోన్లోళ్ళే.

అందుకేనేమో, ఫోను మోగితే
చేతులు కడుక్కొని కొంగుకు తుడుచుకొని
గడప మీద కుదురుగ కూసొని ఎత్తేది.
"ఆఁ, అండాలునే. చెప్పు బిడ్డా."
వడ్డి ఎంత, ఎన్నేండ్లు, జామీను ఎవరుండాలె,
అన్నీ అడిగి, అన్నీ విని
"నాకెందుకు బిడ్డా లోను. నువ్వు తిన్నవా?" అనేది.
అవతల జరసేపు మాట రాకపోయేది.
ఒకసారి ఒక పిల్ల చెప్పిందట,
ఇంకా లేదు ఆంటీ, టార్గెట్ ఉన్నది అని.
రెండు రోజులు నన్ను సతాయించింది
"టార్గెట్ అంటే ఏందిరా తమ్మీ, కడుపునొప్పా?"

పెట్టిన మెసేజ్.
వేలు ఒణికింది గానీ పెట్టిన.
నిద్ర లేక కాంటా తప్పు చదివి
మొన్న సేటు తోని మాట పడ్డ మరి.

ఐదో రోజు మళ్ళ మోగింది.
పడిశం పట్టిన ఆడపిల్ల గొంతు,
ముక్కు ఎగబీల్చుకుంట
"అండాలు గారేనండీ?"
తిట్టు నాలిక చివరనే ఉన్నది.
"బయటికి పోయింది" అన్న.
"ఎప్పుడొస్తారండీ?"
ఏం తోచిందో నాకు,
"శనివారం చెయ్యి."

శనివారం పండుకోలే.
బియ్యం డ్రమ్ము మీద ఫోను పెట్టుకొని కూసున్న.
పది. పదకొండు.
కరెంటు గూడ పోయింది, ఫ్యాను సప్పుడు లేదు,
ఇల్లంత గంప కింద కమ్మినట్టున్నది.
చార్జింగు ఉన్నదా అని రెండుసార్లు చూసిన,
ఉన్నది.
సర్కారు మాట మీద నిలబడ్డది, ఏనాడూ లేంది.

మూడింటికి గుర్రుమన్నది.
మెసేజ్.
"అండాలు, మీ సిలిండరు బయలుదేరింది."

జరసేపటికి ఆటో ఆగింది.
గల్ల లుంగీ పిల్లగాడు సిలిండరు దొర్లించుకుంటొచ్చి
చెమట తుడుచుకుంట
"అంకెలు చెప్పు కాకా, ఇంకా పదిండ్లు తిరగాలె" అన్నడు.

"పేరడుగు ముందుగాల" అన్న.